ఇసిపింగోలో పుట్టింటి పురుడు

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని మా అమ్మ పట్టు. నాకూ అదే ఆశ. ఐదో నెల రాగానే డర్బన్‌లో విమానం ఎక్కి, బొంబాయిలో మారి, ఎలాగో కాకినాడ చేరిపోతే, ఇక కాళ్ళు చాపుకుని కూర్చుని అది కావాలి ఇది కావాలి అని అమ్మను వేధించవచ్చని అనుకున్నాను. స్కానింగు చేసిన డాక్టరమ్మ తెర మీద ముందు ఒక తల చూపించింది. తర్వాత కాస్త పక్కకు జరిపి ఇంకో తల చూపించింది. ఆ తర్వాత నా రక్తపోటు చూసి, విమానం మాట మరిచిపొమ్మంది.

నేను ఆవిడతో పోట్లాడాను. ఇద్దరున్నారంటే సంతోషించాలి గానీ నన్ను ఇక్కడ కట్టిపడెయ్యడం ఏమిటని అడిగాను. ఆవిడ ఓపిగ్గా విని, నా కార్డు మీద ఏదో రాసి ఎర్రగీత గీసింది. ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను. "నేనేం చేశానే?" అన్నాడాయన. "సగం మీరే చేశారు" అన్నాను. అమ్మకు పాస్‌పోర్టు లేదు. దరఖాస్తు పెట్టిస్తే పోలీసు విచారణ దగ్గర ఆగిపోయింది. అంటే పురిటికి నా పక్కన ఎవరూ ఉండరు. 

అప్పటికి దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ అందరూ కలిసి మొదటిసారి ఓట్లు వేసి ఏడాదిన్నరైంది. మా ఆయన ఉమ్‌కోమాస్ దగ్గర కాగితపు గుజ్జు మిల్లులో ఇంజనీరు. చెరుకు తోటల మధ్య మిల్లువాళ్ళు ఇస్తామన్న ఇల్లు వద్దని, ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని డర్బన్ శివారున ఇసిపింగోలో దిగాం. అక్కడ తెలుగువాళ్ళున్నారని ఎవరో చెప్పారు కూడా. ఒక పెద్దావిడ ఇంటి వెనకాల రెండు గదుల వాటా అద్దెకు దొరికింది.

మేము సామాను దించుతుంటే పువ్వుల గౌనులో, రబ్బరు చెప్పులతో ఆవిడ బయటికొచ్చింది. అరవై దాటిన మనిషి. నన్ను కిందనుంచి పైదాకా చూసి, "నువ్వు ఇండియా పిల్ల? రా, తిండి తిను" అంది. ముత్తాతల కాలంలో చెరుకు నరకడానికి ఓడెక్కి వచ్చినవాళ్ళ సంతతి. వాళ్ళ నాయనమ్మ నోటి నుంచి వినగా మిగిలిన తెలుగే ఆవిడది. వావివరసలు, వంటలు, గోవిందనామాలు మిగిలాయి. తిట్లు మాత్రం ఒక్కటి కూడా పోలేదు. మిగతా బతుకంతా ఇంగ్లీషులోనే, కూరగాయల బేరం జులూలో.

అందరిలాగే నేనూ ఆవిడను ఆంటీ అని పిలిచాను. పెళ్ళికి ముందు రెండేళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని, ఆవిడ మాట వింటే ఎర్రసిరా కలం కోసం చెయ్యి దురద పెట్టేది. క్లెయిర్‌వుడ్‌లో వాళ్ళ నాన్నకు కూరగాయల తోట ఉండేదట. ఫ్యాక్టరీలకని ఆ నేలంతా పోతే ఇటు వచ్చారట. "మా నాయిన అక్కడే తోట చేసింది. ఆ తోట పోయినాక ఒక్క ఏడాది. నాయిన కూడా పోయింది" అని చెప్పింది ఒకసారి. నేను ఊరుకోవచ్చు కదా. "నాయిన పోయింది కాదండీ, పోయాడు అనాలి" అన్నాను. ఆవిడ నావైపు చూసి, "పోయాడు, పోయింది. ఏది అంటే ఏంటి పిల్లా? తిరిగి రాలేదు కదా" అంది. ఆ తర్వాత ఆవిడ తెలుగు దిద్దడం మానుకున్నాను. పూర్తిగా కాదు. సగం.

ఏడో నెల రాగానే ఒకరోజు పొద్దున్నే తలుపు తట్టి, "గాజులు మస్ట్" అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. కడుపుతో ఉన్న పిల్ల చేతికి గాజులు తొడగకుండా ఎలా అని ఆవిడ బాధ. ఇక్కడ ఎవరు చేస్తారులే అని నేనూ అమ్మా ఎప్పుడో వదిలేసుకున్న ముచ్చట అది. ఆవిడ మటుకు వీధిలో ఉన్న ముత్తైదువులందరినీ పిలిచేసింది. వాళ్ళలో తెలుగు, తమిళం, హిందీ ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. ఒకరి భాష ఒకరికి రాదు, అందరికీ ఇంగ్లీషే. డర్బన్ బజారుకు వెళ్ళి రెండు డజన్లకు పైగా ఆకుపచ్చ, ఎర్ర మట్టిగాజులు తెచ్చింది. నా చేతికి ఒక సైజు పెద్దవే తెచ్చింది, "కవలలు కదా, చెయ్యి లావు అవుద్ది" అని.

ఆరోజు ఆవిడ వంటింట్లోనుంచి ఒక స్టీలు గిన్నె మూత తీసి నా ముందు పెట్టింది. చలిమిడి. తడి బియ్యం దంచి, ఆ ఊరి చెరుకు బెల్లం కలిపి చేసిన పచ్చి చలిమిడి. "సలిమిడి. కడుపుకి సలవ. అమ్మ ఇంటి నుంచి రావాలి. నీ అమ్మ దూరం, నేను చేసింది" అంది. ఓడ దిగి నాలుగు తరాలైనా ఆ ఇల్లు ఆ ముద్దను మరిచిపోలేదు. మా ఆయన కొలీగుల భార్యల ముందు నేను ఆవిడ తెలుగును అనుకరించి నవ్వించిన సందర్భాలు గుర్తొచ్చి సిగ్గేసింది. సిగ్గుపడుతూనే సగం గిన్నె ఖాళీ చేశాను.

ముత్తైదువులు ఒక్కొక్కరూ వచ్చి రెండేసి గాజులు తొడిగారు. ఇంత హడావిడీ చేసిన మనిషి మాత్రం వంటింటి గుమ్మంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "ఆంటీ, మీరూ రండి" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "నేను కాదు పిల్లా. నా మొగుడు పోయింది. నా చెయ్యి మంచిది కాదు."

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. అదేం పిచ్చి మాట అని నేను అనాల్సింది. లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కురావాల్సింది. ఎమ్మే చదివానని చెప్పుకునేదాన్ని, రెండోసారి అడగలేదు. కడుపులో ఇద్దరున్నారు, ఎందుకొచ్చిన గొడవ అనిపించింది. ఆవిడ రానందుకు లోపల్లోపల కాస్త తేలికపడ్డాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

అక్కడినుంచి రోజులు బరువెక్కాయి. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే నడుం నిలవదు. ఎడమవైపు వాడు తన్నడం మొదలుపెడితే కుడివైపుది ఊరుకునేది కాదు. కాళ్ళు వాచి మా ఆయన చెప్పులు కూడా పట్టడం మానేశాయి. రక్తపోటుకు మాత్రలిచ్చి, పడుకునే ఉండమని, ఉప్పు తగ్గించమని డాక్టరమ్మ చెప్పింది. కుడివైపు బిడ్డ పెరుగుదల కాస్త వెనకబడిందని కూడా చెప్పింది. ఇంకో నాలుగు వారాలు వాళ్ళు లోపలే ఉంటే ఊపిరితిత్తులు గట్టిపడతాయట. అప్పటిదాకా నన్ను నెట్టుకురావాలి. "తలనొప్పి వస్తే, కళ్ళముందు మెరుపులు కనిపిస్తే, డొక్కల కింద నొప్పి వస్తే ఒక్క గంట కూడా ఆగొద్దు. కాన్పయ్యేదాకా ఇక్కడే ఉంచేస్తాం" అని వేలు చూపించి మరీ చెప్పింది.

ఆవిడ చెప్పిన దాంట్లో నాకు వినపడింది చివరి మాట ఒక్కటే. కాన్పయ్యేదాకా ఆసుపత్రిలో, నా భాష మాట్లాడే మనిషి లేకుండా నాలుగు వారాలు! నాకు ఆ లక్షణాలేవీ రావని అప్పుడే తీర్మానించుకున్నాను.

ఉప్పు సంగతికొస్తే, మంచం కింద అట్టపెట్టెలో ఆవకాయ సీసా దాచుకున్నాను. ఒకరోజు ఆంటీ చారు తెచ్చిపెట్టి, గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చింది. నేరుగా వంగి మంచం కిందనుంచి సీసా తీసింది. "దొంగముండా! కడుపులో రెండు బిడ్డలు ఉన్నది, నువ్వు దొంగతనం చేస్తాది?" అని, సీసా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. అచ్చం మా అమ్మ తిట్టినట్టే తిట్టింది. సీసా తిరిగివ్వలేదు, పైగా పదిరోజుల తర్వాత వాళ్ళింట్లో మజ్జిగన్నంలోకి అదే ఆవకాయ నా కళ్ళముందే వేసుకు తింది.

తలనొప్పి ఒక సోమవారం మొదలైంది. మా ఇంటి మీదుగానే విమానాలు దిగేవి, ఆ మోతకే అనుకున్నాను. మంగళవారం డొక్కల కింద పట్టేసినట్టు నొప్పి వచ్చింది. గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్ళు తాగాను. బుధవారం పొద్దున మా ఆయన మిల్లుకు వెళ్తూ "ముఖం ఉబ్బినట్టుంది" అంటే, "నిద్రపోతే ఎవరి ముఖమైనా ఉబ్బుతుంది, మీ ముఖం చూసుకోండి" అని కసురుకుని పంపించేశాను. నిజానికి నేను ముందురోజు నుంచీ నిద్రపోలేదు. ఆయన కారు వీధి మలుపు తిరిగేసరికి గోడ మీద మిణుగురుల్లాంటివి కనిపించాయి. కళ్ళు మూసుకున్నాను. ఇంకా కనిపించాయి. అప్పుడు భయం వేసింది. అయినా లేచి, అంట్లు తోముకుంటే సర్దుకుంటుందని పెరటి పంపు దగ్గరికి వెళ్ళాను.

ఆంటీ అవతల తీగ మీద దుప్పట్లు ఆరేస్తోంది. ఒక విమానం దిగిపోయాక ఆవిడ చేతిలోని దుప్పటి వదిలేసి నావైపు తిరిగింది.

"పిల్లా, నీ గాజులు సప్పుడు లేదు."

"ఆ విమానాల గోలలో గాజుల చప్పుడేం వినిపిస్తుందండీ?" అన్నాను విసుగ్గా.

"దినాం వినపడతాది. నువ్వు గిన్నె తోమితే నాకు లోపల వినపడతాది. ఈ పూట లేదు."

దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నేనూ అప్పుడే చూశాను. తొడిగిన రోజున మోచేతి దాకా జారి ఆడిన గాజులు, ఒకదాన్నొకటి ఒరుసుకుని మణికట్టు పైన కండలో కూరుకుపోయి ఉన్నాయి. వాటి మధ్య చర్మం ఉబ్బి తెల్లగా మెరుస్తోంది. ఆవిడ ఒక గాజును కదపబోయింది. కదల్లేదు.

"తల నొప్పి ఉన్నది?"

నేను పంపు వైపు తల తిప్పుకున్నాను.

"సెప్పు!"

"మూడు రోజుల్నుంచి" అన్నాను. ఆ మాట అనగానే ఏడుపు తన్నుకొచ్చింది. తప్పు చేసి దొరికిపోయిన చిన్నపిల్లలా, తోముతున్న గిన్నె పట్టుకునే ఏడ్చాను. ఆవిడ ఈసారి తిట్టలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మిల్లుకు ఫోన్ చేసి కబురు చెప్పమని పక్కింటివాళ్ళకు గట్టిగా కేకేసి, ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చింది. కారున్నవాళ్ళందరూ పనులకు పోయిన వేళ. ఆవిడ రోడ్డు మధ్యకు వెళ్ళి, రెండు చేతులూ చాపి, డర్బన్ వైపు పోతున్న మినీబస్ టాక్సీని ఆపేసింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవిడ జరగలేదు. జులూలో ఏదో చెప్పి నా కడుపు చూపించింది. "చేచా! చేచా!" అని బండి మీద అరచేత్తో కొట్టింది. తొందరగా అని అర్థం.

బండి నిండా పనులకు వెళ్తున్న జనం. తెలుగు మాట్లాడేటప్పుడు తడుముకునే మనిషి జులూలో ఎంత గడగడా మాట్లాడుతుందో ఆరోజే విన్నాను. డ్రైవరు వెనక్కి తిరిగి వాళ్ళను అడిగాడు. దారి తప్పించి నేరుగా ఆసుపత్రికి పోనిమ్మని అందరూ ఒప్పుకున్నారట. ఒకావిడ పక్కకు జరిగి నన్ను సీట్లో పడుకోబెట్టి, నా తల తన ఒడిలో పెట్టుకుంది. ఆవిడ ఏప్రాన్‌కు బట్టల సబ్బు వాసన. నుదురు నిమురుతూ "థులా, థులా" అంటూనే ఉంది, ఊరుకో ఊరుకో అని. ఆ మనిషి ముఖం నాకు సరిగ్గా గుర్తులేదు. ఆ చెయ్యి గుర్తుంది. ఆరోజు ఎంతమంది నావల్ల పనికి ఆలస్యంగా వెళ్ళారో, ఎవరి దగ్గర ఎన్ని మాటలు పడ్డారో.

ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆంటీ ఒక్క క్షణం ఆగింది. కొన్నేళ్ళ ముందుదాకా అది తెల్లవాళ్ళ ఆసుపత్రి. పుట్టి పెరిగిన ఊళ్ళోనే అయినా ఆవిడ ఎప్పుడూ ఆ మెట్లెక్కలేదు. తర్వాత నా నడుం చుట్టూ చెయ్యి వేసి లోపలికి నడిపించింది.

నర్సు రక్తపోటు చూసింది. మళ్ళీ చూసింది. మాట్లాడకుండా పరుగెత్తింది. ఒక్కసారిగా నా మంచం చుట్టూ నలుగురు చేరారు. ఎప్పుడైనా మూర్ఛ రావచ్చనీ, వస్తే నాకూ బిడ్డలకూ ప్రమాదమనీ, ముందు సూదిమందు ఎక్కించి వెంటనే ఆపరేషన్ చెయ్యాలనీ డాక్టరు చెప్పాడు. సూది గుచ్చడానికి చెయ్యి పట్టుకుంటే చెయ్యంతా గాజులే. వేళ్ళు నీలం తిరుగుతున్నాయి. నర్సు ఒక పెద్ద కత్తెర తీసింది.

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

ఎందుకు లాక్కున్నానో ఇప్పుడు చెప్పమంటే ఏమని చెప్పను? కాన్పయ్యేదాకా ఆ గాజులు తియ్యకూడదని మా అమ్మ ఫోన్‌లో పదిసార్లు చెప్పింది. నిండుచూలాలి చేతి గాజులు పగలగొట్టడమంటే నా ఒంట్లో రక్తానికే ఇష్టం లేదు. చదువు ఆ క్షణాన ఎటు పోయిందో తెలియదు. "వద్దు, వద్దు" అని తెలుగులో అరుస్తున్నాను, ఎవరికీ అర్థం కాదని తెలిసీ.

ఆంటీకి అర్థమైంది. నర్సును ఒక్క నిమిషం ఆగమని, సబ్బునీళ్ళు తెప్పించింది. చేతికి ప్లాస్టిక్ సంచి తొడిగి, గాజుల దుకాణంవాళ్ళు చేసినట్టు లాగింది. రెండు వచ్చాయి. మూడోది బొటనవేలి ఎముక దగ్గర ఇరుక్కుని రానంది. నర్సు గడియారం చూసింది. "గోగో, ఇక టైమ్ లేదు" అంది. గోగో అంటే అమ్మమ్మ.

"అమ్మను పిలవండి" అన్నాను. అది ఎవరివల్లా కాదని తెలుసు. ఆ తర్వాత ఆంటీ ముఖం చూశాను. "మీరే తియ్యండి. ఆ కత్తెర వద్దు. మీరు."

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "నేను కాదు. నా సేత్తో కాదు పిల్లా. నా గాజులు ఎట్లా తీసింది నీకు తెల్వదు. నీకు ఏమన్నా అయితే..."

"నాకు మా అమ్మ లేదిక్కడ. మీరే ఉన్నారు. మీ చేత్తోనే తియ్యండి" అని అరిచాను. అభిమానంతో అడిగిన మాట కాదది, కోపంతో అన్నాను. నాకు ప్రేమ కూడా ఎక్కువగా కోపంలోనే బయటికొస్తుంది, మా ఆయన్ను అడగండి.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నర్సు చేతిలోంచి గాజుగుడ్డ తీసుకుని గాజు కింద, చర్మం కోసుకోకుండా, జాగ్రత్తగా దూర్చింది. నర్సు అందించిన పటకారు లాంటిదానితో ఒక్కొక్క గాజునూ పట్టి వత్తింది. ప్రతి గాజుకూ "గోవిందా" అంది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. కుడిచెయ్యి పూర్తయి ఎడమచేతికి వచ్చేసరికి ఆవిడ చెంపల మీదుగా కన్నీళ్ళు నా మణికట్టు మీద పడుతున్నాయి. నా ఒంటి మీద ఒక్క గీత పడలేదు. చివరి గాజు తియ్యగానే నర్సు సూది గుచ్చింది. మందు ఒళ్ళంతా వేడిగా పాకింది. ఆంటీ ముఖం మీద దీపాలు రెండేసి కనిపించడం వరకే నాకు జ్ఞాపకం.

కళ్ళు తెరిచేసరికి పక్కన మా ఆయన ఉన్నాడు. మిల్లు బూట్లతోనే ఉన్నాడు. నేను అడగక ముందే "ఇద్దరూ ఉన్నారు" అన్నాడు. మళ్ళీ అన్నాడు, "ఇద్దరూ ఉన్నారు." తర్వాత మెల్లగా మిగతాది చెప్పాడు. బాబుకు ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది, గాజుపెట్టెలో పెట్టారు. పాప బాగా చిన్నది, కిలోన్నర కూడా లేదు. ఊపిరి బాగానే తీసుకుంటోంది గానీ ఒళ్ళు చల్లబడిపోతోంది.

"అయితే పాపనూ పెట్టెలో పెట్టారుగా?"

"ఒక్క పెట్టే ఖాళీగా దొరికింది, అది బాబుకిచ్చారు."

లేవబోయాను. లేవలేకపోయాను. "మరి పాప ఎక్కడ?"

"ఆంటీ దగ్గర ఉంది" అన్నాడు.

ఆయన చూసింది చూసినట్టు చెప్పాడు. పసిపిల్లల వార్డు సిస్టరు, భారీ మనిషి, తువ్వాల్లో చుట్టిన పాపను తీసుకుని వరండాలోకి వచ్చిందట. అంత చిన్న బిడ్డను ఎవరి గుండెకైనా ఆనించి, ఒంటికి ఒళ్ళు తగిలేలా గుడ్డతో కట్టి ఉంచాలట. తల్లి లేవలేదు. అలా కట్టుకుని కూర్చోవాల్సింది తల్లులు పాలిచ్చే గదిలో, అక్కడ మగవాళ్ళకు ప్రవేశం లేదు. "ఈ బిడ్డ గోగో ఎవరు?" అని అడిగిందట. ఆంటీ తన వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసిందట. ఎవరూ లేరు. అప్పుడు మొదలుపెట్టిందట సగం ఇంగ్లీషులో, సగం జులూలో, తాను సొంత అమ్మమ్మను కాదని, మొగుడు పోయినదాన్నని, ఇలాంటి బిడ్డను ముందుగా తాను ముట్టుకోకూడదని, పొద్దున తన చేత్తోనే గాజులు కూడా పగిలాయని.

సిస్టరు అంతా విని, ఇదేం చోద్యం అన్నట్టు "హాయిబో!" అందట. "గోగో, నీ మొగుడి సంగతి నేను అడగలేదు. నీ ఒళ్ళు వెచ్చగా ఉందా లేదా, అది చెప్పు. ఈ పిల్ల చల్లబడిపోతోంది."

ఆంటీ చేతులు కడుక్కోవడానికి వెళ్ళిందట.

నా రక్తపోటు దిగడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను నా బిడ్డల్ని చూడలేదు. మా ఆయన అద్దంలోనుంచి బాబును చూసి వచ్చి చెప్పేవాడు. పాప గురించి అడిగితే, "ఆంటీ బయటికి రావడం లేదు, కుర్చీలోనే నిద్రపోతోందట, సిస్టరే అన్నం పెడుతోంది" అనేవాడు. నాకు కుళ్ళుగా ఉండేది. నేను మోసి, నేను కని, నా కూతురి వెచ్చదనం ఇంకెవరికో దొరుకుతోందని. ఆ వెంటనే, ఆవిడ లేకపోతే అన్న ఆలోచన వచ్చి ఒళ్ళు జలదరించేది. పడుకున్నదాన్ని పడుకున్నట్టే గోడవైపు తిరిగి దండం పెట్టుకున్నాను, దేవుడికి కాదు.

మూడోరోజు పొద్దున చక్రాల కుర్చీలో నన్ను అక్కడికి తోసుకెళ్ళారు. ముందు బాబును చూపించారు. గొట్టం తీసేశారు, తనంతట తానే ఊపిరి పీలుస్తున్నాడు, ముక్కు అచ్చం మా ఆయనది. తర్వాత పక్కగదిలోకి తీసుకెళ్ళారు.

కిటికీ పక్కన, పెద్ద కుర్చీలో ఆంటీ కూర్చుని ఉంది. ఆసుపత్రివాళ్ళ నీలం గౌను వేసుకుంది. జుట్టు రేగిపోయి, కళ్ళ కింద నలుపు కమ్మి, రెండు రోజుల్లో పదేళ్ళు మీద పడ్డట్టుంది. గౌను ముందుభాగంలో తెల్లటి గుడ్డ కట్టు, దానిలోంచి బత్తాయంత టోపీ ఒకటి కనిపిస్తోంది. టోపీ కింద నా కూతురి చెంప, ఆవిడ ఎదకు అంటుకుని ఉంది. ఆవిడ ఊపిరి తీస్తే టోపీ లేస్తోంది, వదిలితే దిగుతోంది. నోట్లో ఏదో సన్నగా అనుకుంటోంది. గోవిందనామాలేమో అనుకున్నాను. దగ్గరికెళ్తే వినిపించింది. నన్ను తిడుతోంది. మీ అమ్మ ఉప్పు తిన్నది, తలనొప్పి దాచింది, దొంగముండ, నువ్వట్లా చెయ్యకు, అని పాపకు అన్నీ చెబుతోంది.

నేను ఏడుస్తూ చెయ్యి చాచాను. ఆవిడ చప్పున తన అరచేతిని బిడ్డ వీపు మీద అడ్డం పెట్టింది.

"ముట్టకు. నీ సేతులు సల్లగా ఉన్నది. ఇప్పుడే పండుకుంది."

అంతే. నేను ఆవిడ మోకాళ్ళ దగ్గరికి కుర్చీ జరిపించుకుని, ఇక చాలు అని ఆవిడ అనేదాకా, చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాను.